మునిమాపు వేళ గబ్బిలాల లెక్క: విస్తరణ కృషికి ఒక సూచన

తెలుగు నాట అనేక గ్రామాలలో చెరువు గట్టు మీదనో, ఆలయ ప్రాంగణంలోనో, పాత చింతతోపులోనో గబ్బిలాల చెట్టు ఒకటి ఉంటుంది. పగటివేళ దూరం నుంచి చూసినవారికి అది నల్లని కాయలు విరగకాసిన చెట్టువలె తోస్తుంది. ప్రొద్దు క్రుంకిన ఇరవై, ముప్పై నిమిషాలకు ఆ కాయలకు రెక్కలు వస్తాయి. మొదట ఒకటి రెండు గబ్బిలాలు చెట్టు చుట్టూ తిరిగి మరల కొమ్మను పట్టుకుంటాయి. తరువాత పదులు, వందలు కొమ్మలు విడిచి, ఆకాశంలో పాయలుగా చీలి, తలొక దిక్కుకు సాగిపోతాయి. ముప్పావుగంట గడిచేసరికి చెట్టు ఖాళీ అవుతుంది.

గ్రామస్థులకు ఇది నిత్యం కనిపించేదే కనుక తల ఎత్తి చూసేవారు తక్కువ. అదే గ్రామంలో నెలల తరబడి బస చేసే వ్యవసాయ కళాశాల విద్యార్థులు ఆ వేళకు పొలం నుంచి తిరిగి వచ్చి దినచర్య పుస్తకాలు నింపుకుంటూ ఉంటారు. విస్తరణ అధికారి అప్పటికి పట్టణం చేరుకొని ఉంటాడు. పండ్ల తోటలకు గబ్బిలాలు చేసే మేలు, కీడు రెండూ చీకటిలోనే జరుగుతాయి. వాటిపై సలహాలు మాత్రం పగటివేళ తయారవుతున్నాయి. ఈ లోపాన్ని సరిదిద్దడానికి పెద్ద ఖర్చు లేని మార్గం ఒకటి ఉన్నది. చెట్టుకు కొంత దూరంలో నిలబడి, ఎగిరిపోయే గబ్బిలాలను లెక్కించి, అవి వెళ్లిన దిక్కులను నమోదు చేయడమే ఆ మార్గం. ఈ పనిని విస్తరణ విద్యలోను, కృషి విజ్ఞాన కేంద్రాల కార్యక్రమాలలోను చేర్చవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ఒకే పేరు, మూడు జాతులు

భారతదేశంలో 130కి పైగా గబ్బిలాల జాతులు ఉన్నవి. వాటిలో అత్యధికం కీటకాలను తిని జీవించేవే. పండ్లు, పూలు, మకరందం మీద ఆధారపడేవి కొద్ది జాతులు మాత్రమే. ఆ కొద్దింటిలో తెలుగు రాష్ట్రాల రైతులకు తరచు తారసపడేవి మూడు.

మొదటిది పెద్ద గబ్బిలం, అనగా టెరోపస్ మీడియస్. పాత గ్రంథాలలో దీనిని టెరోపస్ జైగాంటియస్ అని పేర్కొన్నారు. నక్కను పోలిన ముఖం, కపిలవర్ణపు మెడ, చాచినప్పుడు మీటరుకు పైగా పరచుకొనే రెక్కలు దీని గుర్తులు. బాగా ఎదిగిన మగది కిలోకు పైగా తూగుతుంది. మర్రి, రావి, చింత, నీలగిరి వంటి ఎత్తైన చెట్లకు బహిరంగంగా, గుంపులు గుంపులుగా వేలాడేది ఇదే. రెండవది సైనాప్టెరస్ స్ఫింక్స్ అనే చిన్న గబ్బిలం. తాటి మట్టల కింద, నిలువు అశోక చెట్ల గుబురులో ఆకులను, ఈనెలను కొరికి గుడారం వలె మలచుకొని చిన్న చిన్న గుంపులుగా ఉంటుంది. మూడవది రౌసెట్టస్ లెషెనాల్టి. ఇది గుహలు, పాడుబడిన కోటలు, పాత కట్టడాలను ఆశ్రయిస్తుంది. చీకటి గుహలో దారి తెలుసుకోవడానికి నాలుకతో టిక్కుటిక్కుమని శబ్దం చేసి, దాని ప్రతిధ్వనిని ఆధారం చేసుకుంటుంది. పెద్ద గబ్బిలానికి ఈ విద్య లేదు. అది కంటిచూపును, వాసనను నమ్ముకొని ఎగురుతుంది.

గ్రామంలో ఈ మూడింటికీ ఒకటే పేరు, మూడింటి మీదా ఒకటే అభియోగం. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. జామతోటలో రాత్రి పండ్లు పోయినప్పుడు రైతు దృష్టి సహజంగా అందరికీ కనిపించే చింతచెట్టు మీదకు పోతుంది. నిజానికి ఆ నష్టం తోట కంచె పక్కనే తాటిచెట్టు మట్టల్లో ఉండే చిన్న గబ్బిలాల వలన జరిగి ఉండవచ్చు. చిన్న గబ్బిలం సాధారణంగా పండును కొరికి పట్టుకొని వేరొక చెట్టు కొమ్మకు తీసుకుపోయి తింటుంది. ఆ కొమ్మ కింద నమిలి ఉమిసిన పిప్పి, గింజలు కుప్పగా కనిపిస్తాయి. పెద్ద గబ్బిలం చాలావరకు కాపున్న చెట్టు మీదనే కూర్చొని తింటుంది. కనుక పిప్పి ఎక్కడ పడి ఉన్నదో చూస్తేనే ముద్దాయి ఎవరో కొంత తెలుస్తుంది. ఈ పరిశీలన లేకుండా చింతచెట్టును నరికితే చెట్టూ పోతుంది, నష్టమూ ఆగదు.

చూడడం ఎట్లు, లెక్కించడం ఎట్లు

మునిమాపు గణన చూడడానికి సులభం. సరిగా చేయడానికి కొంత క్రమశిక్షణ అవసరం. పగలు ఒకసారి చెట్టును దూరం నుంచి చూసి, ఏయే కొమ్మలకు ఎన్నెన్ని వేలాడుతున్నవో స్థూలంగా అంచనా వేసుకోవాలి. సాయంకాలం సూర్యాస్తమయానికి ముందే చేరుకొని, ఎగిరిపోయే గబ్బిలాలు వెలుతురున్న పడమటి ఆకాశానికి అడ్డుగా కనిపించే చోట నిలబడాలి. నల్లని నీడబొమ్మలు స్పష్టంగా కనబడే వ్యవధి తక్కువ. అందుచేత ఇద్దరు ముగ్గురు పరిశీలకులు దిక్కులను పంచుకోవడం మేలు. ఒక్కొక్కరు తమ వాటాకు వచ్చిన దిక్కుగా పోయేవాటిని మాత్రమే లెక్కించాలి. ప్రవాహం చిక్కనైనప్పుడు ఒకటొకటిగా కాక పదేసిగా లెక్కించి, ప్రతి అయిదు నిమిషాలకు అంకెను రాసుకోవాలి. చెట్టు చుట్టూ తిరిగి మరల వాలేవాటిని లెక్కలోకి తీసుకోరాదు. వరుసగా మూడు సాయంకాలాలు లెక్కిస్తే గాలి, మబ్బు, వెన్నెల వలన కలిగే హెచ్చుతగ్గులు కొంత సర్దుకుంటాయి.

ఒకే దిక్కును ఇద్దరు విడివిడిగా లెక్కించి అంకెలను పోల్చుకోవడం విద్యార్థులకు మరొక పాఠం నేర్పుతుంది. ఒకే ఆకాశాన్ని చూసిన ఇద్దరి అంకెలు అరుదుగా కలుస్తాయి. అంచనా అనగా ఏమి, దోషం అనగా ఏమి, సగటును ఎంతవరకు నమ్మవచ్చును అనే ప్రశ్నలు గణాంక శాస్త్ర తరగతిలో కన్న ఇక్కడ సూటిగా ఎదురవుతాయి.

లెక్క కన్న ముఖ్యమైనది దిక్కు. గ్రామ పటం మీద చెట్టును గుర్తించి, ఏ దిక్కుకు ఎన్ని పోయినవో బాణపు గుర్తులతో గీసుకోవాలి. మరుసటి ఉదయం ఆ బాణాల వెంట నడవాలి. పెద్ద గబ్బిలాలు ఒక రాత్రిలో పది, పదిహేను కిలోమీటర్లు, అవసరమైతే అంతకు మించి కూడా ప్రయాణించగలవు. కనుక నడకకు అందే మేర మాత్రమే పరిశీలన సాధ్యం. ఆ మేరలోనే అవి దిగిన చెట్ల కింద పిప్పి, కొరికిన పండ్లు, రెట్టలు కనిపిస్తాయి. అవి జామతోటలో ఉన్నవా, రావిచెట్టు కింద ఉన్నవా, వేపచెట్టు కింద ఉన్నవా అనేది విస్తరణ శాస్త్రవేత్తకు అన్నిటికన్న విలువైన సమాచారం.

ఈ బాణాలు ఋతువును బట్టి దిశ మారుతాయి. శిశిరం చివర ఆకులు రాల్చిన బూరుగు చెట్లు పూస్తాయి. వేసవి తొలిదశలో ఇప్ప పూస్తుంది. ఏప్రిల్ నుంచి మామిడి పక్వానికి వస్తుంది. జూన్, జూలై నెలలలో వేపపండ్లు, నేరేడు పండ్లు రాలుతాయి. మర్రి, రావి, జువ్వి, మేడి వంటి చెట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క వేళ కాస్తూ ఏడాది పొడవునా ఏదో ఒక చోట ఆహారం సమకూరుస్తాయి. ఈ అడవి, బంజరు, గట్టు చెట్ల ఆహారం దొరికినన్నాళ్లు తోటల మీద ఒత్తిడి ఎంత, అవి నరికివేతకు గురైన ప్రాంతాలలో ఒత్తిడి ఎంత అనే ప్రశ్నకు జవాబు ఒక్క సంవత్సరపు లెక్కతో రాదు. కొన్ని సంవత్సరాల బాణాలను ఒకదాని మీద ఒకటి పరచి చూసినప్పుడే తెలుస్తుంది.

వేసవి లెక్కలో మరొక జాగ్రత్త అవసరం. పెద్ద గబ్బిలం ఏడాదికి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. వర్షాకాలంలో జతకట్టి, సుమారు అయిదు నెలల గర్భం తరువాత, ఎక్కువగా ఫిబ్రవరి, మే నెలల మధ్య ప్రసవిస్తుంది. పుట్టిన తొలి వారాలలో పిల్ల తల్లి పొట్టను కరచుకొని తల్లితోనే ఎగురుతుంది. కొంత ఎదిగిన తరువాత తల్లి దానిని చెట్టు మీదనే విడిచి మేతకు పోతుంది. కనుక ఆ నెలలలో ఎగిరిపోయినవాటి సంఖ్య సమూహపు మొత్తం సంఖ్య కాదు. ఆ నెలలలోనే చెట్టు కింద బాణాసంచా కాల్చినా, డప్పులు కొట్టినా, పొగ పెట్టినా కింద పడి చచ్చేవి పిల్లలు. ఎలుక వలె ఏడాదికి పలుమార్లు పదేసి పిల్లలను కనే జంతువు కాదు కనుక ఒక్క వేసవిలో జరిగిన నష్టం నుంచి ఆ సమూహం కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ప్రపంచంలో ఈ దృశ్యం అతి విస్తారంగా కనిపించేది ఆఫ్రికాలో, జాంబియా దేశపు కసంకా జాతీయ ఉద్యానంలో. ఏటా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య గడ్డివన్నె పండ్ల గబ్బిలాలు లక్షల సంఖ్యలో అక్కడి చిత్తడి అడవికి చేరుకుంటాయి. వాటి సంఖ్య కోటి వరకు ఉంటుందని అంచనా. వాటిని చూడడానికి దూరదేశాల నుంచి వచ్చినవారు చెట్ల మీద కట్టిన మంచెలెక్కి మునిమాపు కోసం ఎదురుచూస్తారు. అన్ని గబ్బిలాలకు పగటి విడిది అయిన ఆ అడవి ముక్క చాలా చిన్నది. ఖండంలో ఎంతో విశాలమైన ప్రాంతానికి విత్తనాలు మోసే జంతువు కొద్దిపాటి చెట్ల మీద ఆధారపడి ఉన్నది. తెలుగు గ్రామపు చింతచెట్టు విషయంలోనూ సంగతి అదే. సంఖ్యలో మాత్రమే తేడా.

రైతు నష్టం వాస్తవం

గబ్బిలాల ఉపయోగాలను చెప్పేవారు చాలాసార్లు రైతు నష్టాన్ని తేలికగా దాటవేస్తారు. అది న్యాయం కాదు. జామ, సపోటా, మామిడి, సీతాఫలం, అరటి తోటలలో నష్టం జరుగుతున్నది. కోతకు రెండు మూడు రోజుల ముందు పండు పోతే ఆ పండుకు పెట్టిన నీరు, ఎరువు, కూలి అన్నీ పోయినట్లే. కౌలుకు తోట పట్టిన చిన్న రైతుకు ఈ నష్టం భరించరానిది. విత్తన వ్యాప్తి గురించి అతనికి ఉపన్యాసం ఇవ్వడం వలన ప్రయోజనం లేదు.

అయితే నష్టం ఎంత అనేదానికి కొలత ఉండాలి. తోటలో పది చెట్లను యాదృచ్ఛికంగా ఎంపిక చేసి, సాయంకాలం పండ్లకు గుర్తు పెట్టి, తెల్లవారుజామున మరల లెక్కిస్తే రాత్రి నష్టం తెలుస్తుంది. ఉదయం లెక్కించి సాయంకాలం మరల చూస్తే రామచిలుకలు, ఉడతలు చేసిన పగటి నష్టం తెలుస్తుంది. చిలుక ముక్కుతో పొడిచిన గాటుకు, గబ్బిలం పంటి గాటుకు తేడా కంటికి కనిపిస్తుంది. పండు ఈగ ఆశించి రాలిన పండును తరువాత మరొక జంతువు కొరికినప్పుడు నేరం చివరి జంతువు మీద పడుతుంది. ఈ మూడు పద్దులను విడదీయకుండా మొత్తం నష్టాన్ని గబ్బిలాల ఖాతాలో వేయడం చాలాచోట్ల జరుగుతున్నది.

నష్టం కోత సమయాన్ని బట్టి కూడా మారుతుంది. బంగినపల్లి వంటి రకాలను పక్వానికి వచ్చి ఇంకా గట్టిగా ఉన్న దశలో కోసి మాగబెడతారు. కోత ఆలస్యమై చెట్టు మీదనే మాగిన పండ్ల వాసన గబ్బిలాలను ఆకర్షిస్తుంది. జామ, సపోటా దఫదఫాలుగా కోతకు వస్తాయి కనుక తోటలో ఎల్లప్పుడూ కొన్ని మాగిన పండ్లు ఉంటాయి. కోతల మధ్య వ్యవధిని తగ్గించడం, రాలిన పండ్లను ఏరివేయడం, కాయలకు సంచులు తొడగడం వంటి పద్ధతులు పండు ఈగ నివారణకు ఇప్పటికే సిఫార్సు అవుతున్నవి. అవే గబ్బిలాల విషయంలోనూ పనికివస్తాయి. ఒకే ఖర్చుతో రెండు ప్రయోజనాలు నెరవేరుతాయని రైతుకు చెప్పగలిగితే సలహాకు విలువ పెరుగుతుంది.

వల విషయంలో మాత్రం సలహా స్పష్టంగా ఉండాలి. సన్నని నైలాన్ దారపు వలను చెట్ల మధ్య వదులుగా వేలాడదీస్తే గబ్బిలాలు చిక్కుకొని, రెక్కలు చినిగి, గంటల తరబడి గిలగిల కొట్టుకొని చస్తాయి. గుడ్లగూబలు, పాములు కూడా అందులో చిక్కుకుంటాయి. చిక్కిన గబ్బిలాన్ని విడిపించబోయిన రైతు కాటుకు గురయ్యే ప్రమాదం ఉన్నది. ఆస్ట్రేలియాలో పండ్ల చెట్లకు అయిదు మిల్లీమీటర్ల కన్న చిన్న కన్ను గల, తెల్లని, చట్రం మీద బిగించి పరిచిన వలలను సిఫార్సు చేస్తున్నారు. వేలు దూరని కన్ను అయితే గబ్బిలం దూరదు, చిక్కదు. ఇట్టి వలకు ఖర్చు ఎక్కువ. ఉద్యాన శాఖ రాయితీల జాబితాలో దీనికి చోటు కల్పించడం విధానపరమైన నిర్ణయం. అందుకు ఆధారం కాగలిగినది పైన చెప్పిన తోట లెక్కలే.

మారిషస్ అనుభవం

చంపడం పరిష్కారమా అన్న ప్రశ్నకు మారిషస్ దేశ చరిత్ర సమాధానం చెబుతున్నది. పందొమ్మిదవ శతాబ్దంలో చెరకు తోటల పనికి తరలిపోయిన తెలుగువారి సంతతి నేటికీ నివసించే ఆ ద్వీపంలో టెరోపస్ నైజర్ అనే పెద్ద గబ్బిలం ఉన్నది. అది లీచీ, మామిడి పండ్లను నష్టపరుస్తున్నదన్న రైతుల ఫిర్యాదు మీద అక్కడి ప్రభుత్వం 2015, 2016 సంవత్సరాలలో సామూహిక సంహారం జరిపించింది. రెండు విడతలలో 30,000కు పైగా గబ్బిలాలు హతమైనవి. అయినప్పటికీ పండ్ల రైతుల ఆదాయం పెరగలేదని తరువాతి అధ్యయనం తేల్చింది. 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఆ జాతిని అంతరించే ప్రమాదం అధికంగా గల జాతుల వర్గంలోకి మార్చింది. తోటకు వల వేసిన రైతు పంట దక్కించుకున్నాడు. వల లేని రైతు, గబ్బిలాల సంఖ్య తగ్గిన తరువాత కూడా నష్టపోయాడు. ఎందుకనగా మిగిలిన గబ్బిలాలకైనా, పక్షులకైనా, గాలివానకైనా ఆ పండు అందుబాటులోనే ఉన్నది.

లెక్కకు రాని సేవ

రైతు కోల్పోయిన పండుకు ధర ఉన్నది కనుక అది లెక్కలోకి వస్తుంది. గబ్బిలం చల్లిన గింజకు ధర లేదు. పండ్ల గబ్బిలం రసాన్ని మింగి పిప్పిని ఉమిసివేస్తుంది. మర్రి, రావి వంటి చిన్న గింజలు కడుపులోకి పోయి, కొద్దిసేపటికే రెట్టతో బయటపడతాయి. ఎగురుతూనే రెట్ట వేస్తుంది కనుక ఆ గింజలు తల్లిచెట్టుకు దూరంగా, బంజరులో, కొండవాలులో, పాత గోడల మీద పడతాయి. ఇప్ప, బాదం, పొన్న వంటి పెద్ద గింజలను కండ తిని కింద పడవేస్తుంది. రాత్రిపూట పూచే బూరుగు, ఇప్ప పూల మధ్య తిరిగినప్పుడు వాటి ముఖానికి, మెడకు అంటిన పుప్పొడి చెట్టు నుంచి చెట్టుకు చేరుతుంది.

ఇప్ప చెట్టు విషయం ప్రత్యేకంగా ఆలోచించదగినది. దాని పువ్వు, గింజ రెండూ గిరిజన కుటుంబాలకు ఆదాయ వనరులు. ఇప్ప సేకరణ మీద, ఇప్పనూనె మీద ఎన్నో పథకాలు రచించబడినవి. రాత్రి ఆ పూల వద్దకు వచ్చే జంతువు గురించి ఆ పథకాలలో ప్రస్తావన అరుదు. కేరళలో గబ్బిలాలు తిని వదిలిన జీడిగింజలను, వక్కలను రైతులు చెట్ల కింద ఏరుకొని అమ్ముకుంటున్నట్లు అధ్యయనాలు తెలుపుతున్నవి. జీడిమామిడి విస్తారంగా గల శ్రీకాకుళం ప్రాంతంలో ఇట్టి సేకరణ ఎంతమేర జరుగుతున్నదో విద్యార్థులు పరిశీలించదగిన చక్కని అంశం.

ఆరోగ్య భయాలు

నిఫా వైరస్ పేరు వినిపించినప్పుడల్లా గబ్బిలాల చెట్ల మీద గొడ్డలి పడుతున్నది. ఈ భయం నిరాధారం కాదు. 1998, 1999 సంవత్సరాలలో మలేషియాలోను, 2001లో పశ్చిమ బెంగాల్ లోని సిలిగురిలోను, 2018లో కేరళలోని కోజికోడ్ ప్రాంతంలోను నిఫా ప్రాణాలు తీసింది. ఆ వైరస్ సహజ ఆశ్రయం టెరోపస్ గబ్బిలాలే. మలేషియాలో పందుల కొట్టాల పక్కనే పండ్ల చెట్లు ఉండడం వలన గబ్బిలాలు కొరికి వదిలిన పండ్లు పందులకు చేరినవి. పందుల నుంచి వ్యాధి మనుషులకు పాకింది. బంగ్లాదేశ్ లో రాత్రి కుండలలోకి కారిన పచ్చి ఈత రసాన్ని తాగడం ముఖ్య కారణంగా తేలింది.

ఈ రెండు మార్గాలూ తెలుగు గ్రామ జీవనానికి పరాయివి కావు. కాబట్టి సలహా ఖచ్చితంగా ఉండాలి. కొరికిన పండ్లను, గాట్లున్న రాలిన పండ్లను మనుషులు తినరాదు, పశువులకు వేయరాదు. గబ్బిలాలు వాలే చెట్ల కింద పశువుల కొట్టాలు, నీటి తొట్లు ఉండరాదు. కల్లుగీత కార్మికులు రాత్రి వేళ లొట్టిని, కోతను గబ్బిలాలకు అందకుండా కప్పాలి. బంగ్లాదేశ్ లో వెదురు తడికలతో చేసిన ఇట్టి కప్పులు గబ్బిలాలను నివారించగలవని ప్రయోగాలు నిరూపించినవి. కింద పడిన గబ్బిలాన్ని ఒట్టి చేతులతో ముట్టరాదు. లెక్కింపుకు వెళ్లే విద్యార్థులు చెట్టు నీడలోకి పోక, గాలికి ఎదురుదిశలో కాక, దూరంగా నిలబడాలి. తిరిగివచ్చి చేతులు కడుక్కోవాలి.

చెట్టు నరకడం మాత్రం ఈ జాగ్రత్తల జాబితాలో లేదు. చెదరగొట్టిన సమూహం మాయం కాదు. పది చెట్లకు, పది ఊళ్లకు పాకుతుంది. ఆహారం కరవై, ఆవాసం కోల్పోయి ఒత్తిడికి గురైన గబ్బిలాలు వైరస్ ను ఎక్కువగా విసర్జిస్తాయని ఆస్ట్రేలియాలో హెండ్రా వైరస్ మీద జరిగిన పరిశోధనలు సూచిస్తున్నవి. గబ్బిలాలు కుప్పగా చనిపోయిన ప్రతి సందర్భంలోనూ కారణం అంటువ్యాధి కానవసరం లేదు. 2020 మే నెలలో ఉత్తరప్రదేశ్ లోని గోరఖ్ పూర్ ప్రాంతంలో వందలాది గబ్బిలాలు రాలిపోయినప్పుడు కరోనా భయం వ్యాపించింది. భారత పశువైద్య పరిశోధన సంస్థ పరీక్షించి, కారణం తీవ్రమైన ఎండ అని తేల్చింది. ఎండ దెబ్బకు రెక్కలతో విసురుకుంటూ, ఒళ్లు నాకి తడుపుకొంటూ, సాయంకాలం కాగానే చెరువు నీటిని పొట్టతో తాకి ఆ తడిని చప్పరించే జంతువుకు నీడ, నీరు రెండూ ప్రాణాధారాలు. చెరువు ఎండిన ఊరిలో ఆ చెట్టు కూడా ఖాళీ కావచ్చును. లెక్క రాసి ఉంచిన ఊరిలోనే ఆ సంగతి తెలుస్తుంది.

చట్టం, సాహిత్యం, చెట్టు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను కాకి, ఎలుకలతో కలిపి అయిదవ అనుబంధంలో హానికర జంతువులుగా చేర్చింది. ఆ అనుబంధంలోని జంతువులను చంపడానికి ఆటంకం ఉండేది కాదు. 2022 సవరణతో, 2023 ఏప్రిల్ నుంచి ఆ అనుబంధం తొలగిపోయింది. యాభై ఏళ్ల పాటు చట్టంలో నిలిచిన మాట పాఠ్యపుస్తకాలలో, కరపత్రాలలో, అధికారుల నోటిలో ఇంకా నిలిచి ఉన్నది. కాల్చండి, తరమండి అనే పాత సలహాను ఇప్పుడు ఇచ్చే విస్తరణ అధికారి రైతును చిక్కులలో పడవేసే ప్రమాదం ఉన్నది. సకశేరుక చీడల పాఠంలో ఈ భాగాన్ని తిరిగి రాయడం విశ్వవిద్యాలయాలు తక్షణం చేయదగిన పని.

ఇంట్లోకి గబ్బిలం వస్తే అరిష్టమన్న నమ్మకం ఉన్న సమాజంలోనే గుర్రం జాషువ 1941లో గబ్బిలం కావ్యాన్ని రచించాడు. ఆలయ ద్వారం మూసుకుపోయిన మనిషి, ఆలయంలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలాన్ని తన గోడు శివునికి విన్నవించమని వేడుకొనడం ఆ కావ్య వస్తువు. అందరూ అశుభమని తరిమే జీవిని దూతగా ఎంచుకొనడానికి ముందు కవి దానిని చూశాడు. వ్యవసాయ శాస్త్రం ఆ పాటి చూపును చూడలేకపోవడం విచారకరం.

చెట్టు విషయంలో రెండు సాధనాలు ఇప్పటికే చేతిలో ఉన్నవి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అనగా వాల్టా, చెట్ల నరికివేతకు అనుమతి కోరుతుంది. అదే సంవత్సరపు జీవవైవిధ్య చట్టం కింద గ్రామస్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఏర్పడినవి. గబ్బిలాల చెట్టు ఏ సర్వే నంబరులో ఉన్నది, ఏ జాతి చెట్టు, ఎన్ని గబ్బిలాలు అనే వివరాలు ఆ రిజిస్టరులో చేరితే, రోడ్డు వెడల్పు కోసమో, భయం వలననో గొడ్డలి పడే ముందు అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. నమోదు కాని చెట్టు కాగితాల మీద కేవలం కొన్ని టన్నుల కట్టె.

చేయదగిన పనులు

రావెప్ గా పిలువబడే గ్రామీణ వ్యవసాయానుభవ కార్యక్రమంలో, గబ్బిలాల చెట్టు గల గ్రామానికి కేటాయించబడిన విద్యార్థి బృందం మూడు సాయంకాలాలు గణన జరిపి, దిక్కుల పటం గీసి, మరుసటి ఉదయాల పరిశీలనను నివేదికలో చేర్చాలి. చెట్టు లేని గ్రామాలలో తాటిచెట్ల చిన్న గబ్బిలాల మీద, పిప్పి కుప్పల మీద పరిశీలన చేయవచ్చు. ఈ కార్యక్రమం సాధారణంగా ఖరీఫ్ కాలంలో సాగుతుంది కనుక మామిడి కాలపు లెక్క, ప్రసవ కాలపు లెక్క తప్పిపోతాయి. ఆ రెండింటిని కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు స్థానిక ఉన్నత పాఠశాలల సహకారంతో చేపట్టవచ్చును. ఏటా ఒకే చోట నిలబడి, ఒకే పద్ధతిలో, అవే నెలలలో లెక్కించడం అన్నిటికన్న ముఖ్యం.

ఇప్పటికే పనిభారంతో ఉన్న విస్తరణ సిబ్బందికి ఇది అదనపు బరువని కొందరు ఆక్షేపించవచ్చును. ఆ ఆక్షేపణలో నిజం ఉన్నది. అయితే ఋతువుకు మూడు సాయంకాలాలు, సాయంకాలానికి ఒక గంట అనేది, ఒక్క తప్పు సలహా వలన నరికిన నూరేళ్ల చెట్టుతో పోల్చినప్పుడు పెద్ద బరువు కాదు. ఆ గంటలో రైతు కూడా పక్కన నిలబడితే మరింత మేలు. తన తోట వైపు ఎన్ని పోయినవో, ఊరి బయట రావిచెట్టు వైపు ఎన్ని పోయినవో అతడు స్వయంగా లెక్కిస్తాడు. తోట వైపే ఎక్కువ పోయినట్లు తేలితే అది కూడా దాచవలసిన విషయం కాదు. సంచులకు, వలలకు, రాయితీకి అతని తరఫున రాయవలసిన నివేదికకు అదే మొదటి వాక్యం అవుతుంది.

బృందం గ్రామం విడిచి వెళ్లే నాటికి లెక్కల పుస్తకం ఒకటి పంచాయతీ కార్యాలయంలోనో, పాఠశాలలోనో మిగలాలి. మరుసటి ఏడు వచ్చే విద్యార్థులు ఆ పుస్తకం తెరచి, నిరుడు నిలబడిన చోటనే నిలబడి, పడమటి ఆకాశం వైపు చూడాలి.